సంజీవయ్యగారి అపరిగ్రహం

నాయకుని శీలనిర్ణయానికి సభాప్రసంగాలకంటె సహచరుల జ్ఞాపకాలే నాకు ప్రమాణం. కర్నూలు సమీపంలోని పెద్దపాడులో జన్మించిన దామోదరం సంజీవయ్యగారు 1960లో ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలో ఆ పదవినధిష్ఠించిన తొలి దళితుడు. 1961లో అవినీతి నిరోధక శాఖ ఏర్పడింది ఆయన హయాంలోనే.

ఆయనపై వచ్చిన ఆరోపణల విచారణకై పెద్దపాడు వెళ్లిన కాంగ్రెస్ ప్రతినిధికి, పూరింట కట్టెలపొయ్యి ఊదుతున్న ముఖ్యమంత్రి తల్లి కనిపించిందని ఆ తరం సహచరుల నోట వెలువడిన వృత్తాంతం మా సీమలో నేటికీ వినిపిస్తుంది.

పతంజలి చెప్పిన పంచయమాలలో చివరిదైన అపరిగ్రహమంటే ఉన్నది విడవడం మాత్రమే కాదు, చేతికందినది స్వీకరించకపోవడం కూడా. ఆ వ్రతం కుమారునిది, నిస్సందేహంగా మహత్తరం. పొగ మాత్రం తల్లి కళ్లలోకి వెళ్లింది. ఆ ఘట్టాన్ని శ్లాఘించేవారెవరూ అప్పుడామె ఏమన్నదో చెప్పరు. విన్నప్పుడల్లా నాకు అదే అడగాలనిపిస్తుంది.