మందుచీటీ ఎవరు వ్రాయవలెను?

కోలారు బంగారుగనుల ప్రాంతమున స్థిరపడిన మన తెలుగు కుటుంబములలో పెద్దవారికి నలతచేసినచో, తరచుగా ముందు పోవునది ఆసుపత్రికి కాదు, మందుల అంగడికి. అచ్చట వరుసలో నిలువ పనిలేదు. "ఆయాసముగా ఉన్నది, రాత్రి దగ్గు నిద్రపోనీయదు" అని మన మాటలో చెప్పుకొనిన చాలును. ఈ ఫార్మసిస్టునకే మందుచీటీ వ్రాయు అధికారమిచ్చిన నేమి అను ప్రశ్న నేడు పలుదేశములలో చర్చకు వచ్చుచున్నది. అది మనకును చాల దగ్గరి ప్రశ్న.

మన దేశమున చట్టము స్పష్టముగనే ఉన్నది. 1948 నాటి ఫార్మసీ చట్టము ప్రకారము డాక్టరు చీటీపై మందిచ్చుట రిజిస్టరైన ఫార్మసిస్టు పని. చీటీ వ్రాయుట అతని పని కాదు. 1945 నాటి నియమములలోని 'హెచ్' షెడ్యూలు మందులు చీటీ లేక అమ్మరాదు. అయినను మనము చేయుచున్నదేమి? పాత చీటీయో, ఖాళీ అట్టయో చూపి మందు తెచ్చుకొనుచున్నాము. ఇచ్చినవానికి అధికారము లేదు గనుక వ్రాతయు లేదు, బాధ్యతయు లేదు.

బ్రిటనులో 2003లో వైద్యుని పథకమునకు లోబడియు, 2006 నుండి స్వతంత్రముగను, ప్రత్యేకశిక్షణ పొందిన ఫార్మసిస్టులకు ఈ అధికారము లభించినది. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రము 2007లో అట్లే చేసినది. మన 2019 నాటి జాతీయ వైద్య కమిషను చట్టమును, ఆధునిక వైద్యవృత్తితో సంబంధముగల కొందరికి పరిమితమైన లైసెన్సు నిచ్చు వీలు కల్పించినది.

అట్లని ఆ పద్ధతిని ఉన్నదున్నట్లు ఇచ్చటికి తేవచ్చునా? మా సందేహమునకు కారణము ఈ నేలలోనే ఉన్నది. ఇచ్చటి గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినవి. ఆ లోతున రాతిధూళి పీల్చినవారికి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినను జబ్బు మూతపడలేదు. ధూళి విడిచిన పిమ్మటను అది ముదురగలదు. పైగా సిలికోసిస్ గలవారికి క్షయ సోకు ప్రమాదము హెచ్చు. రెంటికిని దగ్గే, ఆయాసమే. కళ్లెపరీక్షయు ఎక్సురేయు లేక వేరుచేయుట సాధ్యము కాదు. అట్టివానికి దగ్గని లీవోఫ్లాక్సాసిన్ వంటి మందిచ్చినచో క్షయ కొంతకాలము అణగినట్లు కనబడి, నిర్ధారణ ఆలస్యమగును. స్టెరాయిడు మాత్రలు ఆయాసము తగ్గించుచునే క్షయను పెంచగలవు. అంగడిలో దొరకిన ఆ ఉపశమనమునకు ఇంటిల్లిపాది మూల్యము చెల్లింపవలసి వచ్చును.

మరియొక చిక్కు గలదు. వ్రాయువాడే అమ్మువాడైనచో లాభము చీటీపై చేయి వేయును. కావున ఈ అధికారమును మొదట ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో జీతముపై పనిచేయు ఫార్మసిస్టులకు, శిక్షణ నిచ్చిన పిమ్మట, ఒసగుట మేలని మా అభిప్రాయము. డాక్టరు ముందే నిర్ణయించిన రక్తపోటు, మధుమేహముల మందులను పరీక్షించి కొనసాగించుట వారికి అప్పగింపవచ్చును. నెలనెల మాత్రలకై కూలి పోగొట్టుకొను వారికి ఇది చిన్న మేలు కాదు. ఇచ్చిన ప్రతి మందును పుస్తకములోనికి ఎక్కింపవలెను. కొత్తగా వచ్చిన దగ్గునకు, జ్వరమునకు ఆంటిబయాటిక్ వ్రాయు అధికారము మాత్రము వలదు. రెండు వారములు మించిన దగ్గు గలవానిని కళ్లెపరీక్షకు పంపుట విధిగా ఉండవలెను. క్షయరోగుల సమాచారము తెలుపవలసిన బాధ్యతను 2018 నుండి మందుల అంగడివారిపైనను ప్రభుత్వము ఉంచియే ఉన్నది.

చట్టము మారులోపల మనము చేయదగినదియు కలదు. ఇంటి పెద్దలు గనిలో ఎన్నేండ్లు, ఏ పనిలో ఉన్నారో ఒక కాగితముపై వ్రాసి మందుచీటీలతో కలిపి ఉంచవలెను. డాక్టరునకును, ఫార్మసిస్టునకును దానిని ముందుగా చూపవలెను. మన పిల్లలలో ఫార్మసీ చదువుచున్నవారు ఈ ప్రాంతపు జబ్బుల నెరిగి, పెద్దలకు వారి మాటలోనే మందు వాడు తీరు చెప్పవలెను. ఏ మందిచ్చుటయో తెలిసినంతగా, ఎవరిని మందీయక ఆసుపత్రికి పంపవలెనో తెలిసిన ఫార్మసిస్టునకు చీటీ వ్రాయు అధికారమిచ్చుటకు మాకు అభ్యంతరము లేదు.