తహ్రీర్ మైదానంలో ఒక సాయంత్రం

ఉమ్రా ముగించుకుని తిరుగు ప్రయాణంలో మేము నాలుగు రోజులు కైరోలో ఆగాము. మా మదర్సాలో చదివి, ప్రస్తుతం జామియా అజ్‌హర్‌లో ఉన్నత విద్య నభ్యసిస్తున్న కడప జిల్లా యువకుడొకడు అక్కడున్నాడు. "హజ్రత్, ఒక్కసారి వచ్చి అజ్‌హర్ చూసి వెళ్ళండి" అని రెండేళ్ళుగా ఫోనులో అడుగుతూనే ఉన్నాడు. 972లో తలుపులు తెరచిన ఆ మసీదు స్తంభాల నీడన కూర్చున్నప్పుడు మాకు లేవబుద్ధి కాలేదు. జీవితమంతా మేము బోధించిన గ్రంథాలకు వ్యాఖ్యానాలు వ్రాసిన పండితులెందరో అక్కడ పాఠం చెప్పినవారే. ఆ అనుభవం మరోసారి వ్రాస్తాము. ఈసారి పాఠకుల ముందుంచదలచినది వేరొక చోటు.

మూడవనాడు అస్ర్ నమాజు అనంతరం మెట్రో ఎక్కి సాదాత్ స్టేషనులో దిగాము. కథ ఆ పేరుతోనే మొదలవుతుందని చెప్పవచ్చు. 1979లో ఇస్రాయీల్‌తో శాంతి ఒప్పందం చేసుకున్నవాడు అన్వర్ సాదాత్. అమెరికా ఈజిప్టుకు ఇచ్చే భారీ సహాయానికి మూలం ఆ ఒప్పందమే. మెట్లెక్కి పైకి వస్తే తహ్రీర్ మైదానం. 2011 జనవరి 25న మొదలై పద్దెనిమిది రోజులు సాగిన జనసముద్రం ముప్పై ఏళ్ళ హుస్నీ ముబారక్ పాలనను కూలదోసింది ఇక్కడే. ఇప్పుడు నడుమ ఫిరౌన్‌ల నాటి శిలాస్తంభం, దాని చుట్టూ కర్నాక్ నుండి తెచ్చిన నాలుగు పొట్టేలు తలల సింహమూర్తులు నిలిచి ఉన్నాయి. ఫిరౌన్ పేరు వినగానే మా విద్యార్థి మా వైపు చూసి నవ్వాడు. మేమూ నవ్వాము గాని, ఏమీ అనలేదు.

మైదానం అంచున, ముహమ్మద్ మహమూద్ వీధి మొదట్లో కైరో అమెరికన్ విశ్వవిద్యాలయపు పాత భవనాలున్నాయి. 2005 జూన్ 20న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి కండొలీజా రైస్ ఈ విశ్వవిద్యాలయంలో ప్రసంగించారు. అరవై ఏళ్ళపాటు తమ దేశం ఈ ప్రాంతంలో ప్రజాస్వామ్యాన్ని పణంగా పెట్టి స్థిరత్వాన్ని కోరుకుందనీ, చివరకు రెండూ దక్కలేదనీ ఆమె ఒప్పుకున్నారు. అంత సూటియైన ఒప్పుకోలు పెద్ద రాజ్యాల నోట అరుదు. ఆ మాటను మేము ఈనాటికీ గౌరవిస్తాము.

అయితే 2011 నవంబరులో, సైనికమండలి పాలిస్తున్న రోజుల్లో, అదే వీధిలో నిరసనకారులపై రోజుల తరబడి భాష్పవాయు గుండ్లు కురిశాయి. 40 మందికి పైగా మరణించారు. రవ్వగుండ్లు తగిలి చూపు పోగొట్టుకున్నవారి గుర్తుగా జనం దానిని 'స్వేచ్ఛానేత్రాల వీధి' అని పిలుచుకున్నారు. యువకులు ఖాళీ డబ్బాలను ఏరి విలేఖరులకు చూపించారు. వాటిపై 'మేడ్ ఇన్ యు.ఎస్.ఎ.' అన్న అక్షరాలు, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్ చిరునామా ఉన్నాయి. ఆ ప్రహరీ ప్రక్కనే నిలబడి మేము ఈ రెండు సంగతులనూ తలచుకున్నాము. అక్కడి నుండి కొద్ది నిమిషాలు నడిస్తే గార్డెన్ సిటీలో అమెరికా రాయబార కార్యాలయం వస్తుంది.

సహాయం అనగానే ఆకలిగొన్నవారికి గోధుమలు, పిల్లలకు బడులు మన మనసులో మెదులుతాయి. 1987 నుండి అమెరికా దాదాపు ఏటా కేటాయిస్తున్న 130 కోట్ల డాలర్లు సైనిక సహాయం. ఆ ధనం న్యూయార్క్‌లోని ఫెడరల్ రిజర్వు బ్యాంకు ఖాతాలో ఉంటుంది. దానితో ఈజిప్టు సైన్యం అమెరికా సంస్థల ఆయుధాలే కొంటుంది. మన ఊరి షావుకారు చేతికి డబ్బివ్వక, తన కొట్టులోనే సరుకు తీసుకోమని చీటీ వ్రాసి ఇచ్చినట్లన్నమాట. కైరో శివార్లలోని అబూ జాబల్ కర్మాగారంలో అమెరికా నుండి వచ్చిన భాగాలను కూర్చి వెయ్యికి పైగా యుద్ధట్యాంకులు తయారుచేశారు. బదులుగా దాతకు దక్కేవి ఇస్రాయీల్ సరిహద్దున నిశ్చింత, సూయజ్ కాలువలో తన యుద్ధనౌకలకు వేగంగా దారి.

ఒక ఉదంతం చాలు. 2011 డిసెంబరులో ఈజిప్టు పోలీసులు కైరోలోని పలు స్వచ్ఛంద సంస్థల కార్యాలయాలపై దాడి చేశారు. ప్రజాస్వామ్యం నేర్పడానికి అమెరికా నిధులతో నడిచే సంస్థలు వాటిలో ఉన్నాయి. 43 మందిపై కేసులు పెట్టారు. వారిలో అమెరికన్లూ ఉన్నారు. 2012 మార్చిలో నాటి విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ షరతులను సడలించి, సైనిక సహాయాన్ని పూర్తిగా విడుదల చేశారు. పాఠం చెప్పేవారిని బోనులో నిలబెట్టినవారికే జీతం అందిందన్నమాట!

ఆ తరువాతి చరిత్ర పాఠకులకు తెలిసినదే. 2012లో జనం ఓట్లతో గెలిచిన ముహమ్మద్ ముర్సీని 2013 జూలై 3న సైన్యం తొలగించింది. ఎన్నికైన నాయకుణ్ణి సైనిక కుట్రతో పడగొట్టిన ప్రభుత్వానికి సహాయం నిలిపివేయాలని అమెరికా చట్టంలోనే ఉంది. అది కుట్ర అవునో కాదో తాము నిర్ణయించనవసరం లేదని వాషింగ్టన్ ప్రకటించింది. సైన్యం ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరిస్తోందని ఆగస్టు 1న జాన్ కెర్రీ అన్నారు. ఆగస్టు 14న రాబిఆ అదవియ్యా కూడలిలో కనీసం 817 మంది చంపబడ్డారని హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ లెక్కగట్టింది. అక్టోబరులో కొన్ని ఆయుధాలను ఆపారు. 2015 మార్చిలో అవీ వదిలారు.

ఇక్కడ ఆగి అమెరికాను తిట్టి ఊరుకుంటే అది న్యాయం కాదు. ముర్సీని తొలగించిన కొద్ది రోజులకే సౌదీ, ఎమిరేట్స్, కువైట్ ప్రభుత్వాలు 1200 కోట్ల డాలర్లు ప్రకటించాయి. అమెరికా ఏటా ఇచ్చేదానికి ఎన్నో రెట్లు. వారు ఏనాడూ ప్రజాస్వామ్యం పేరెత్తలేదు గనుక కపటులన్న మాట తప్పించుకున్నారు, అంతే. మా గుండెకు మరింత గుచ్చుకున్న సంగతి ఇంకొకటి: తొలగింపు ప్రకటన వెలువడిన వేదికపై అజ్‌హర్ ప్రధానాచార్యులు కూడా ఆసీనులై ఉన్నారు. ముందురోజు ఏ స్తంభాలకు ఆనుకుని మేము కన్నీళ్ళు పెట్టుకున్నామో, అవి గుర్తుకు వచ్చాయి. దానిపై ఆయన సంజాయిషీ ఆయనది. మా విద్యార్థిని ఏమనుకుంటున్నావని అడిగాము. "హజ్రత్, ఇక్కడ మేము ఫిఖ్హ్ పాఠాల గురించే మాట్లాడుకుంటాము" అన్నాడు.

మరునాడు విమానాశ్రయానికి వెళ్ళే దారి నస్ర్ సిటీ మీదుగా సాగింది. రాబిఆ కూడలి సమీపించగానే అతడు మా చేతిలోని ఫోను మెల్లగా తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. ఆ కూడలికి 2015లో హత్యకు గురైన ప్రధాన ప్రాసిక్యూటరు హిషాం బరకాత్ పేరు పెట్టారు. టాక్సీ నడిపే పెద్దాయన మాత్రం ఫోనులో ఎవరికో దారి చెబుతూ, "రాబిఆ దాటుతున్నాను, పది నిమిషాల్లో వస్తాను" అన్నాడు.