తొడిమకు గుచ్చిన దండ

"కాయకి గుచ్చకమ్మాయ్, తొడిమకి గుచ్చు. కాయలోకి దిగితే నీరు కారి తెల్లారేసరికి వడిలిపోద్ది."

పక్కన కూచున్న పెద్దావిడ నా చేతిలోంచి దబ్బనం తీసుకుని ఒక వంకాయ గుచ్చి చూపించింది. ముచ్చిక కింద, కండ తగలకుండా, అడ్డంగా ఒకే పోటు. పురికొస సాఫీగా దిగిపోయింది. తర్వాత రెండు దొండకాయలు, ఒక పచ్చిమిరపకాయ, మళ్ళీ వంకాయ. ఆవిడ చూపు దండ మీద లేదు, చేతులే చూసుకుంటున్నాయి. నేను అయిదు గుచ్చేలోపు ఆవిడ దండ మూరెడైంది.

బెజవాడ ఇంద్రకీలాద్రి మీద ఆషాఢమాసపు శాకంబరి ఉత్సవాలకు ముందురోజు సాయంత్రం అది. చాపల మీద వరసగా కూచున్న ఆడవాళ్ళు, వాళ్ళ నడుమ కుప్పలుగా బెండ, బీర, కాకర, ఆనప, నిమ్మ. రైతులు పంపినవీ, మార్కెట్ వాళ్ళు ఇచ్చినవీ. కనకదుర్గమ్మను దసరాల్లో చూసినవాళ్ళు లక్షలమంది. ఆ పది రోజుల రద్దీలో, మూలా నక్షత్రం నాటి సరస్వతి అలంకారం కోసం నేనూ గంటలకొద్దీ నిలబడ్డాను. కానీ అమ్మవారిని బెజవాడ ఎలా చూసుకుంటుందో తెలియాలంటే ఆషాఢంలోనే రావాలని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

మర్నాడు తెల్లవారుజామున లిఫ్టు వైపు పోకుండా మెట్లదారి పట్టాను. నా ముందు ఒక నడివయసు ఆవిడ, కోడలో కూతురో పక్కన. ఒక్కొక్క మెట్టుకీ వంగి పసుపు రాస్తోంది, వెనక పిల్ల కుంకుమబొట్టు పెడుతోంది. మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కుతున్నారు. వాళ్ళను దాటి పోబుద్ధి కాక నేనూ వెనకే నడిచాను. ఇంకాస్త పైన సారె తెచ్చిన బృందం ఎదురైంది. పళ్ళేల నిండా చీర, రవికెగుడ్డ, గాజులు, పసుపు కుంకుమ, లడ్డూలు, చలిమిడి. ఆషాఢంలో కొత్త పెళ్ళికూతురు పుట్టింటికి వస్తుంది కదా. ఈ ఊళ్ళో దుర్గమ్మ కూడా ఇంటి ఆడపడుచే. లోకమంతటికీ తల్లి అని దణ్ణం పెట్టే నోటితోనే "మా అమ్మాయికి సారె" అంటారు. హైదరాబాద్ నుంచి అమ్మవారికి బంగారు బోనం వచ్చేదీ ఈ నెలలోనే.

ఈ కొండ మీద నాకు మరో మక్కువ కూడా ఉంది. బెజవాడ మల్లేశ్వరాలయంలో దొరికిన యుద్ధమల్లుడి శాసనం నన్నయ భారతం కంటే ముందరిది. చాళుక్య రాజు యుద్ధమల్లుడు కుమారస్వామికి గుడీ మఠమూ కట్టించిన సంగతిని నాలుగు పలకల రాతిస్తంభం మీద మధ్యాక్కర పద్యాల్లో చెక్కించాడు. ఆదికవి పుట్టకముందే ఇక్కడ తెలుగు పద్యం రాతికెక్కింది. కొండ కింది అక్కన్న మాదన్న గుహలకు పదిహేడో శతాబ్దపు గోల్కొండ మంత్రుల పేర్లు అంటుకున్నాయి గాని, ఆ గుహలు వాళ్ళకు దాదాపు వెయ్యేళ్ళ ముందరివి. అర్జునుడు పాశుపతం కోసం ఇక్కడే తపస్సు చేశాడంటారు. ఇన్ని పొరలున్న కొండను పది నిమిషాల్లో ఎక్కి దిగిపోవడం నాకు బాధగానే ఉంటుంది.

పైకి చేరేసరికి గుడి గుడంతా పచ్చగా ఉంది. స్తంభాలకు బీరకాయలు, గుమ్మాలకు నిమ్మదండలు, పైన వేలాడే కాకరకాయలు. కర్పూరం వాసనకు పచ్చికూరల వాసన తోడై, సంతరోజు పొద్దుటి గాలిలా ఉంది. గర్భాలయంలో అమ్మవారి మెడ నిండా కాయల దండలే. చూడగలిగింది కొన్ని క్షణాలే. దండల పచ్చదనంలో ముక్కుపుడక ఒక్కసారి తళుక్కుమంది. కలియుగాంతాన కృష్ణమ్మ పొంగి ఆ ముక్కుపుడకను అందుకుంటుందని చిన్నప్పుడు విన్న కథ గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. "జరగండమ్మా, జరగండి" అన్న మాట వినపడేలోపు దణ్ణం మాత్రం పెట్టుకోగలిగాను.

నూరేళ్ళు వానల్లేక లోకం మాడిపోతుంటే, ఆ బాధ చూడలేక దేవి నూరు కళ్ళతో ఏడ్చిందనీ, తన ఒంటి నుంచే కూరగాయలు పుట్టించి ప్రాణాలు నిలిపిందనీ పురాణాలు చెబుతాయి. ఆ శాకంబరి కథ ఈ ఊళ్ళో ఎందుకింత పట్టుకుందో బయటికొచ్చి నిలబడితే అర్థమైంది. కింద 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ. అక్కణ్ణుంచి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్య నుంచే డెల్టా మీదికి పోతాయి. మాది కాలువ చివరి ఊరు. నీళ్ళు ఎప్పుడు వదులుతారోనని ఆషాఢంలో మా నాన్న రోజూ గట్టు దాకా వెళ్ళి చూసొచ్చేవాడు. పట్టిసీమ ఎత్తిపోతల వచ్చాక, 2015 నుంచి, కృష్ణమ్మ ఆలస్యమైతే గోదావరి నీళ్ళు వచ్చి ఈ కాలువల్లో కలుస్తున్నాయి. నారుమళ్ళ రైతుకు అది ఎంత ఊరటో నాకు తెలుసు. నీళ్ళు అందితేనే కాయ, కాయ ఉంటేనే దండ.

దిగేముందు కదంబం ప్రసాదం పెట్టారు. భక్తులిచ్చిన కూరగాయలన్నీ పప్పూ బియ్యంతో కలిపి వండింది. వేడి వేడిగా, నెయ్యి వాసనతో. మెట్ల పక్కన నించుని తింటుంటే నిన్నటి పెద్దావిడ ఎదురొచ్చింది. నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. బొటనవేలి మీద దబ్బనం దిగిన చోట ఎర్రగా కందింది.

"వచ్చే ఏడు వేలికి గుడ్డ చుట్టుకునిరా" అంది.