పొట్లచెరువు నుంచి బయలుదేరి

యాత్ర అనగానే మనసు దూరదేశాలకు పరుగు తీస్తుంది. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరానికి వెళ్లిన యాత్రికులు అక్కడే బస చేసి, ఒకనాడు పీసా గోపురాన్ని, మరొకనాడు సియెనా వీధులను చూసి సాయంత్రానికి తిరిగి వస్తారు. ఒక చారిత్రక నగరాన్ని కేంద్రంగా చేసుకొని చుట్టుపట్ల సీమను తెలుసుకొనే పద్ధతి ఇది. పటాన్‌చెరు కూడా అటువంటి కేంద్రమే అన్న ఊహ చాలామందికి కలుగదు.

పటాన్‌చెరు పేరు వినగానే పొగగొట్టాలు, షిఫ్టు బస్సులు, రహదారిపై బారులు తీరిన లారీలు కళ్ల ముందు మెదులుతాయి. ఈ పారిశ్రామికవాడ వయస్సు అర్ధశతాబ్ది మాత్రమే. ఊరి చరిత్ర వేయి సంవత్సరాల నాటిది. ఆనాడు దీని పేరు పొట్టలకెరె. పదకొండవ శతాబ్దిలో చాళుక్య ప్రభువు రెండవ జయసింహుడు ఇక్కడ కొలువు తీరాడు. పాల్కురికి సోమనాథుడు పేర్కొన్న పొట్లచెరువు ఇదే. జైన బసదులతో వర్ధిల్లిన ఆ పట్టణపు శిల్పాలు కొన్ని నేడు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాలలో ఉన్నాయి.

ముప్పై ఏళ్లు ఒక కర్మాగారంలో పనిచేసి విరమించిన కార్మికుడు ఒకరు, ఒక ఆదివారం మనుమరాలిని వెంటబెట్టుకొని ఆ ప్రదర్శనశాలకు వెళ్లాడు. నల్లరాతి బాహుబలి విగ్రహం ముందు ఆ బాలిక ఆగిపోయింది.

“తాతా, ఈ బొమ్మ మన పటాన్‌చెరుదేనా?”

“మనదేనట బిడ్డా. ఇన్నేండ్లసంది నాకే ఎరుక లేదు” అన్నాడు వృద్ధుడు.

సొంత ఊరిని చూడడానికి పొరుగు నగరానికి ప్రయాణం కట్టవలసి వచ్చిందన్న చింత అతనిని వదలలేదు. ఆనాటి నుంచి సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ బస్సెక్కేవారు.

మొదట సంగారెడ్డి మీదుగా కొండాపూర్ వెళ్లారు. 1940వ దశకం ఆరంభంలో నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ జరిపిన తవ్వకాలలో అక్కడ శాతవాహనుల నాణేలు, మట్టిబొమ్మలు, పూసలు వెలువడ్డాయి. రోమన్ చక్రవర్తి అగస్టస్ బంగారు నాణెం ఒకటి వాటితో పాటు దొరికింది. ఇటలీ చూడాలని నేటివారు కలలు కంటారు; రెండువేల ఏళ్ల కిందటే ఇటలీ నాణెం సముద్రాలు దాటి ఈ మట్టిని చేరింది!

తరువాతి ప్రయాణం మంజీర తీరానికి. బాలాఘాట్ కొండలలో పుట్టి, కందకుర్తి వద్ద గోదావరిలో కలిసే ఈ నది సంగారెడ్డి సమీపాన విశాలమైన జలాశయమై నిలుస్తుంది. 1978లో దానిని మొసళ్ల అభయారణ్యంగా ప్రకటించారు. ఒడ్డున నిలిచిన వృద్ధునికి నక్కవాగు గుర్తుకు వచ్చింది. పటాన్‌చెరు వైపు నుంచి పారి మంజీరలో కలిసే ఆ వాగు కర్మాగారాల వ్యర్థజలాలతో విషమయమైంది. దాని ఒడ్డున పొలాలు కోల్పోయిన రైతుల గోడు 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కింది. తనకు అన్నం పెట్టిన పొగగొట్టాలే పక్క రైతు నోటి కూడు తీశాయన్న సత్యం అతనికి ఆ స్వచ్ఛమైన నీటి ఎదుట మరింత బరువుగా తోచింది.

మరొక ఉదయం వారు మంజీర పాయల నడుమ వెలసిన ఏడుపాయల వనదుర్గను దర్శించి, మెదక్ చర్చిని చూశారు. కరువు రోజులలో పేదలకు పని, అన్నం కల్పిస్తూ కట్టిన ఆ మందిరం 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది.

వేసవిలో రెండు రోజుల యాత్రగా బీదరు వెళ్లారు. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా గోడలపై మిగిలిన రంగు పలకలను చూశారు. కోట మట్టితో నలుపెక్కే లోహంపై వెండి పొదిగే బిద్రీ కళాకారుల చేతి నైపుణ్యానికి ముగ్ధులయ్యారు. అక్కడి నుంచి కల్యాణి చేరారు. పొట్లచెరువును ఏలిన వంశం తరువాతి కాలంలో రాజధానిగా చేసుకొన్న పట్టణమది. ఒకప్పుడు రాజులు నడిచిన దిక్కుగానే తాతా మనుమరాళ్ల యాత్ర సాగింది.

తిరిగి వచ్చినప్పుడు పటాన్‌చెరులో పొద్దు గూకుతున్నది. పొగగొట్టాలు, లారీలు, షిఫ్టు బస్సులు యథాస్థానంలోనే ఉన్నాయి. బస్సు దిగిన బాలిక మాత్రం “తాతా, ఆ బసదులు ఏ దిక్కున ఉండేవి?” అని అడిగింది. దూరం వెళ్లి వచ్చిన కన్నులకే దగ్గరిది కనబడుతుంది. తన ఊరి చరిత్ర ఎరిగినవాడే దాని వాగునూ చెరువునూ కాపాడుకోగలడు.