మున్నేరు వెంట, తెగిన దారుల మీదుగా

వరంగల్ జిల్లా పాకాల అడవుల్లో మొదలై, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాలు దాటి, ఎన్టీఆర్ జిల్లా ఏటూరు దగ్గర కృష్ణలో కలిసేదాకా మున్నేరు నడక రెండు వందల కిలోమీటర్లకు కాస్త తక్కువ. వేసవిలో చాలాచోట్ల పంచె ఎగగట్టకుండానే దాటొచ్చు. ఇదే ఏరు 2024 సెప్టెంబరు 1న ఖమ్మం దగ్గర 36 అడుగులకు చేరింది. అక్కడ రెండో ప్రమాద హెచ్చరికే 24 అడుగులకు ఇస్తారు. ఆ ఒక్క రోజులో ఎన్ని రోడ్లు తెగాయో, ఎన్ని ఊళ్లకు దారి లేకుండా పోయిందో లెక్క కట్టడానికి అధికారులకు వారాలు పట్టింది. వాటిని బాగుచేసే సొమ్ముకు ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఆ సొమ్ము ఏ దారిన వస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలుసుకోవాలంటే ఏటి వెంట నడవడమే మేలు.

పాకాల దగ్గర మొదలుపెడదాం. కాకతీయుల నాటి ఆ చెరువు దిగువన దీన్ని పాకాల వాగనీ, పాకాల ఏరనీ అంటారు. గార్ల మండలంలో రాంపురం వైపు వెళ్లే దారి ఈ ఏటి మీదుగానే పోతుంది. గట్టివాన పడితే చాలు, చెక్‌డ్యామ్ పైనుంచి నీళ్లు దూకి దారి మూతపడుతుంది. వరద అని పేపర్లో రాయనవసరం లేని మామూలు వానకే ఇలా అయితే, ఇటువంటి లోలెవల్ చప్టాలకు పెద్ద వరదలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. పంచాయతీరాజ్ రోడ్ల కష్టమంతా ఇక్కడే ఉంది. ఏటా కొంచెం కొంచెం తెగుతాయి, ఏటా కొంచెం మొరం పడుతుంది.

ఆ ఆగస్టు 31 రాత్రి ఇనుగుర్తి, కాకరవాయి ప్రాంతాల్లో ఒక్క రోజులోనే నలభై సెంటీమీటర్లకు పైగా వాన పడింది. చెరువులు తెగి, ఆ నీళ్లు కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు కట్ట కింది కంకరను ఊడ్చుకుపోయాయి. పట్టాలు గాలిలో వేలాడిన ఫొటోలు అందరూ చూశారు. కాజీపేట, విజయవాడ లైను అది, దేశం ఉత్తరాన్నీ దక్షిణాన్నీ కలిపే దారి. వందల మంది కూలీలను, యంత్రాలను దింపి మూడు నాలుగు రోజుల్లోనే రైళ్లు నడిపారు. రైల్వేకు మనుషులు, కంకర, యంత్రాలు, ఖర్చు పెట్టే అధికారం అన్నీ ఒకే చేతిలో ఉంటాయి. పక్కనే తెగిన రోడ్డుకు ఆ భాగ్యం లేదు. అది ఎవరి రోడ్డన్న దగ్గరే ఆలస్యం మొదలవుతుంది. జాతీయ రహదారి అయితే కేంద్ర రోడ్డు రవాణా శాఖ, రాష్ట్ర రహదారి అయితే ఆర్ అండ్ బీ, ఊరి రోడ్డయితే పంచాయతీరాజ్, పట్టణంలో వీధయితే మున్సిపాలిటీ. వరద మాత్రం నాలుగింటినీ ఒకే రాత్రి కోస్తుంది.

పడమట నుంచి వచ్చే ఆకేరు మున్నేటికి తోబుట్టువు లాంటిది. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఖమ్మం, వరంగల్ రహదారి దీన్ని దాటుతుంది. ఆ రాత్రి అక్కడ కారు కొట్టుకుపోయి తండ్రీకూతుళ్లు చనిపోయారు. విమానాశ్రయానికి బయలుదేరిన ప్రయాణం అది. రోడ్డు తెగడమంటే ఇంజనీరుకు ఎస్టిమేటు, మనకు ఒక వార్త, ఆ ఇంటికి మాత్రం ఎప్పటికీ పూడని గండి.

వంతెన తెగిందని అంటాం గానీ చాలాసార్లు తెగేది వంతెన కాదు, దాని రెండు వైపులా మట్టితో పోసిన అప్రోచ్ రోడ్డు. వంతెన కానాల్లో, అంటే నీరు పోయే ఖాళీల్లో, పట్టనంత నీరు వస్తే ఎగువన నిలబడి ఎత్తు పెరుగుతుంది. కట్ట మీదుగా పొర్లి దిగువ వైపు దూకుతుంది. దూకిన చోట మట్టి కరుగుతుంది. అడుగునుంచి కోత పైకి పాకుతూ వస్తుంది. పైన తారు మాత్రం చాలాసేపు చెక్కుచెదరకుండా కనిపిస్తుంది. కింద ఏమీ లేకుండా చూరులా ముందుకు పొడుచుకుని ఉంటుంది. చీకట్లో హెడ్‌లైటు పడితే రోడ్డు ఉన్నట్టే ఉంటుంది. చివరికి తారు విరిగి, వంతెన రెండు పక్కలా దారి లేకుండా ఏటి మధ్యలో నిలబడుతుంది. కాంక్రీటు గెలిచింది, మట్టి ఓడింది అని ఊరుకోవడం తప్పు. ఆ వంతెనకు కానాలు చాలలేదన్నది అసలు మాట.

తెల్లవారేసరికి పనులు మొదలవుతాయి. జేసీబీలు, టిప్పర్లు, ఇసుక బస్తాలు. గండిలో సిమెంటు పైపులు వరుసగా పరిచి, పైన మొరం పోసి, రోలరు తిప్పి ఒక్క లారీ పట్టే వెడల్పున దారి చేస్తారు. ఈ పనిచేసే ఏఈలు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు, డ్రైవర్లు ఇళ్లకు పోకుండా రోడ్డు మీదే తిని, రోడ్డు మీదే పడుకుంటారు. వాళ్ల మీద నాకు అపారమైన గౌరవం. నా ఫిర్యాదు ఆ మొరం తర్వాత ఏమవుతుందన్న దాని మీద.

తీర్థాల సంగమేశ్వరుడి దగ్గర ఆకేరు వచ్చి మున్నేటిలో కలుస్తుంది. శివరాత్రికి జాతర జరిగే చోటు. ఇక్కడి నుంచి రెండు ఏర్ల నీరు ఒకే గట్ల మధ్య ఖమ్మం చేరుతుంది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద ఆ రోజు తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ రాలేదు. ఒక జేసీబీ డ్రైవరు ప్రాణాలకు తెగించి వెళ్లి వాళ్లను తీసుకొచ్చాడు. వరద తగ్గాక చూస్తే వంతెన పైభాగమే స్థానం తప్పి ఉంది. రాకపోకలు ఆపి మరమ్మతు చేయాల్సి వచ్చింది. ఇలాంటి పని మొరంతో తీరేది కాదు. డిజైను కావాలి, జాకీలు కావాలి, నెలల సమయం కావాలి, అన్నింటికంటే ముందు సొమ్ము కావాలి.

ఆ సొమ్ము కథ ఖమ్మంలో ఆగి చెప్పుకోవలసిందే. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రానికీ ఒక విపత్తు స్పందన నిధి ఉంటుంది. మనం ఎస్‌డీఆర్‌ఎఫ్ అంటాం. తెలుగు రాష్ట్రాలకు అందులో 75 శాతం కేంద్రం వాటా, 25 శాతం రాష్ట్రం వాటా. ఏ రాష్ట్రానికి ఎంతో ఆర్థిక సంఘం ముందే తేల్చిపెడుతుంది. 2024 అక్టోబరు 1న కేంద్రం 14 రాష్ట్రాలకు రూ.5,858.60 కోట్లు విడుదల చేసినప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు రూ.1,036 కోట్లు, తెలంగాణకు రూ.416.80 కోట్లు వచ్చాయి. ఒకరికి అంత, మరొకరికి ఇంతేనా అని ఇక్కడ పెద్ద గొడవే జరిగింది. నిజానికి ఈ రెండు అంకెలూ మున్నేటినో విజయవాడ బుడమేరునో చూసి వేసినవి కావు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాసిపెట్టిన కేటాయింపులో ఆ ఏడాదికి రావలసిన కేంద్రం వాటాలవి. వరద రాకపోయినా రావలసినవే. గొడవ పడాల్సింది ఆ కేటాయింపు సూత్రం గురించి.

నష్టం ఎంతంటే, తెలంగాణ తొలి అంచనా రూ.5,438 కోట్లు. అందులో రోడ్లు, వంతెనల పద్దే రూ.2,362 కోట్లు. తర్వాత పూర్తి లెక్క తీసి రూ.10,320 కోట్లన్నారు. ఆంధ్రప్రదేశ్ తొలి అంచనా దాదాపు రూ.6,880 కోట్లు. అక్కడా పెద్ద పద్దు రోడ్లు భవనాల శాఖదే, రూ.2,164 కోట్లకు పైనే. రెండు చోట్లా పంట కంటే, కరెంటు కంటే రోడ్డు ఖర్చే ఎక్కువ.

రాష్ట్రం నిధి చాలనంత తీవ్రమైన విపత్తయితే జాతీయ నిధి, ఎన్‌డీఆర్‌ఎఫ్, ఆదుకోవాలి. రాష్ట్రం వినతిపత్రం ఇస్తుంది, కేంద్ర బృందం వచ్చి చూస్తుంది, నివేదిక పై కమిటీల మెట్లెక్కుతుంది. ఈ వరదకు సంబంధించిన అదనపు సాయం ఆమోదం పొందింది 2025 ఫిబ్రవరిలో. ఆంధ్రప్రదేశ్‌కు రూ.608.08 కోట్లు, తెలంగాణకు రూ.231.75 కోట్లు. అది కూడా రాష్ట్ర నిధి ఖాతాలో ఏడాది మొదట్లో ఉన్న నిల్వలో సగాన్ని సర్దుబాటు చేసుకునే షరతు మీద. తెలంగాణ ఖాతాలో 2024 ఏప్రిల్ నాటికి రూ.1,345 కోట్లు ఉన్నాయని కేంద్రం చెప్పింది. ఆ సొమ్ము ఖర్చు పెట్టుకోవాలంటే నిబంధనలు సడలించండని రాష్ట్రం అడిగింది. ఖాతాలో డబ్బు ఉండి, గండి ఎదురుగా ఉండి, రెండూ కలవకపోవడం ఎలా సాధ్యం?

జవాబు ఆ నిబంధనల జాబితాలో ఉంది. రోడ్లకు ఈ నిధి కింద ఏం చేయవచ్చో అందులో విడమరిచి రాశారు. గండ్లు, గుంతలు పూడ్చడం, నీరు పోవడానికి పైపులు వేయడం, కట్టలకు రాతి పేర్పు, తెగిన కల్వర్టుల మరమ్మతు, కొట్టుకుపోయిన వంతెన పక్కన డైవర్షన్, అప్రోచ్‌లకు తాత్కాలిక మరమ్మతు. ప్రతిదాని వెనకా ఉన్న ఉద్దేశం ఒక్కటే, రాకపోకలు వెంటనే మొదలవ్వాలి. మామూలు ప్రాంతాల్లో ఇందుకు 30 రోజుల గడువు సూచించారు. 2015-20 నిబంధనల్లో రాష్ట్ర రహదారులకు, పెద్ద జిల్లా రోడ్లకు కిలోమీటరుకు లక్ష రూపాయలు, గ్రామీణ రోడ్లకు 60 వేలు పెట్టారు. రెండు వరుసల తారు రోడ్డు కొత్తగా వేయాలంటే కిలోమీటరుకు కోటి దాటే రోజుల్లో ఈ లక్ష దేనికి సరిపోతుందో మీరే చెప్పండి. మొరానికీ, పైపులకూ. అంతవరకే. కానాలు పెంచడం, వంతెన ఎత్తు చేయడం, చప్టా తీసేసి హైలెవల్ వంతెన కట్టడం ఈ పద్దులోకి రావు. ఇంజనీర్ల భాషలో అది పర్మనెంట్ రిస్టోరేషన్. దానికి వేరే ఎస్టిమేటు, వేరే మంజూరు, వేరే టెండరు. తాత్కాలిక పనిచేసిన కాంట్రాక్టరు బిల్లు ఇంకా పాసవ్వకముందే ఆ ఫైలు అడుగున పడుతుంది.

ఖమ్మం దాటాక మున్నేరు పొలాల మధ్య మెలికలు తిరుగుతూ రాష్ట్రం సరిహద్దు దాటుతుంది. వత్సవాయి మండలం, పోలంపల్లి ఆనకట్ట, ఆ తర్వాత తిరుపతమ్మ తల్లి పెనుగంచిప్రోలు. ఏటికి తెలియని సరిహద్దు ఫైళ్లకు బాగా తెలుసు. ఎగువన కట్టే గోడ దిగువన నీటి వేగాన్ని మారుస్తుంది. ఖమ్మంలో రెండు గట్ల వెంట రక్షణ గోడలకు రూ.690 కోట్ల పథకం తలపెట్టారు. ఊరికి అది అవసరమే, కాదనను. అయితే దిగువ జిల్లా వంతెనల కొలతలు కూడా అదే లెక్కలో చూసుకోవాలి కదా. రెండు రాష్ట్రాల ఇంజనీర్లు ఒకే బల్ల మీద ఈ ఏటి పటం పరుచుకోవాలి.

నందిగామ దాటి విజయవాడ వైపు వెళ్తుంటే ఐతవరం వస్తుంది. హైదరాబాద్, విజయవాడ జాతీయ రహదారి 65 ఇక్కడే మునుగుతుంది. 2023 జులైలో మున్నేరు పొంగి రోడ్డు మీదికి వచ్చింది, బస్సులు, లారీలు కిలోమీటర్ల పొడవున ఆగిపోయాయి. 2024 సెప్టెంబరులో మళ్లీ అదే చోట, అదే దృశ్యం. ఈసారి పశ్చిమాన గరికపాడు దగ్గర పాలేరు కూడా వంతెన అప్రోచ్‌ను కోసేయడంతో వాహనాలను నార్కట్‌పల్లి, అద్దంకి మీదుగా మళ్లించారు. పద్నాలుగు నెలల తేడాలో రెండుసార్లు మునిగిన చోటును అనుకోని ఉపద్రవం అనడానికి వీల్లేదు. వైరా, కట్టలేరు నీళ్లు కూడా కీసర పరిసరాల్లోనే మున్నేటిలో చేరతాయి. దిగువన కృష్ణ నిండుగా ఉంటే ఇవన్నీ వెనక్కి తన్నుతాయి. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అలాంటి రోజున ఏటూరు దగ్గర మున్నేటికి తలుపు మూసినట్టే. ఆ నీటికి దొరికిన మరో దారి హైవే.

మనకు కొత్త నిధి పేరు అక్కర్లేదు. పదిహేనో ఆర్థిక సంఘం విపత్తు సొమ్మును విభజించినప్పుడే నూటికి 40 పాళ్లు తక్షణ సాయానికి, 30 పాళ్లు పునర్నిర్మాణానికి, 10 పాళ్లు సన్నద్ధతకు, మిగతా 20 పాళ్లు ముప్పు తగ్గించే పనులకు అని రాసింది. రాంపురం చప్టా, పురుషోత్తమాయగూడెం అప్రోచ్, ఐతవరం పల్లం ఆ 30లోకీ ఆ 20లోకీ వచ్చే పనులే. కావలసింది గండి పూడ్చిన వారంలోనే పక్కన ఇంకో కాగితం పెట్టడం. వరద ఎంత ఎత్తున వచ్చింది, కానాల గుండా ఎంత పోగలిగింది, ఎంత పొర్లింది, ఇంకెన్ని కానాలుంటే పొర్లేది కాదు. నీటి మచ్చ గోడ మీద ఉండగానే ఆ ఎత్తు కొలవాలి. సున్నం వేశాక ఎవరూ కొలవలేరు.

ఫిబ్రవరిలో ఆమోదమైన సొమ్ము మార్చి చివర్లో జిల్లాకు చేరిందనుకుందాం. ఎస్టిమేటు, సాంకేతిక మంజూరు, టెండరు, అగ్రిమెంటు పూర్తయ్యేసరికి మే నెల దాటుతుంది. జూన్ రెండో వారానికి నైరుతి వానలొస్తాయి. ఏటిలో పునాది తవ్వడానికి మిగిలే పొడి రోజులు చాలా కొద్ది. అందుకే ఈ ఏటి వెంట ఉన్న ప్రతి బలహీనమైన చోటుకూ డిజైను, ఎస్టిమేటు ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలని, సంక్రాంతి నుంచి వానాకాలం లోపు ఏటా కొన్నైనా కట్టేయాలని ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ శాఖలను రెండు రాష్ట్రాల్లోనూ ఈ ఏటి ఒడ్డు ప్రజలు అడగాలి. మండల సమావేశంలో అడగాలి, జిల్లా పరిషత్తులో అడగాలి, ఎమ్మెల్యే ఊరికి వచ్చినప్పుడు తమ చప్టా పేరు చెప్పి అడగాలి.