గొర్రుకొయ్యలు ఎవరికి తెలుసు?

మా అమ్మాయి ఏడో తరగతి. ఫాంటసీ నవలలంటే చెవి కోసుకుంటుంది. చదివి ఊరుకోకుండా తనూ ఓ రాజ్యాన్ని సృష్టించుకుంది. కోటలూ నదులూ యుద్ధాలూ అయిపోయాక, ఈమధ్య ఆ రాజ్యానికి ఆకాశం తయారుచేసే పనిలో పడింది. నోటుబుక్కులో చుక్కలు పెట్టడం, గీతలతో కలపడం, ఓ పేరు పెట్టడం. 'డ్రాగన్ కిరీటం', 'విరిగిన కత్తి', 'నిద్రపోని రాణి'... "అసలు ఆకాశంలో చుక్కలకు పేర్లు ఎవరు పెట్టారు డాడీ?" అని అడిగింది ఓ రోజు.

పుస్తకాల ప్రకారమైతే జవాబు సులువే. అంతర్జాతీయ ఖగోళ సంఘం 1922లో ఆకాశం మొత్తాన్నీ 88 నక్షత్ర మండలాలుగా ఖరారు చేసింది. 1930లో వాటికి, పొలాలకు గట్లు వేసినట్టు, సరిహద్దులు గీశారు. కానీ అంతకు వేల ఏళ్ల ముందు నుంచే వాటికి పేర్లున్నాయి. అవే చుక్కలకు దేశానికో పేరు, ఊరికో పేరు. చలికాలం రాత్రుల్లో వరసగా మెరిసే మూడు చుక్కల్నే తీసుకోండి. గ్రీకులకు అది ఒరాయన్ అనే వేటగాడి నడుం పట్టీ. మన వైదిక కథలో ఆ చోట ఉన్నది జింక రూపమెత్తిన ప్రజాపతి. ఆయన్ని రుద్రుడు కొట్టిన బాణమే ఆ మూడు చుక్కలు. జింక తల మృగశిర.

మా ఇంట్లో మాత్రం అవి గొర్రుకొయ్యలు. గొర్రు అంటే విత్తనాలు వేసే పనిముట్టు. కృత్తికలేమో పిల్లలకోడి. ఇక సప్తర్షుల్లో ఋషులెవరూ లేరు. నాలుగు చుక్కలు ముసలమ్మ మంచం కోళ్లు, వెనకున్న మూడూ ఆ మంచం ఎత్తుకుపోవడానికి వచ్చిన దొంగలు. ఈ మంచం కథ మా ఒక్క ఇంటిదే కాదు. మయాంక్ వాహియా, గణేశ్ హల్కారే అనే పరిశోధకులు విదర్భ గోండు గ్రామాల్లో తిరిగి సేకరించిన కథల్లోనూ మంచం ఉంది, దొంగలూ ఉన్నారు. మన గొర్రుకొయ్యల చోట వాళ్లకు నాగలి కనిపించింది.

గొర్రు, కోడి, మంచం, నాగలి. గమనించారా, అన్నీ చేతికి అందే వస్తువులే. వాకిట్లో ఉన్నవే పైకెక్కి చుక్కలయ్యాయి.

ఆ పేర్లు ముచ్చటకు పెట్టుకున్నవీ కావు. గడియారం లేని ఇంట్లో అవే గడియారం. దసరా వెళ్లాక గొర్రుకొయ్యలు తూర్పున పొడిస్తే మా తాత మేడ్చల్‌లో కూరగాయల బండి కట్టేవాడట. అవి నడినెత్తికి వచ్చేసరికి బోయిన్‌పల్లి దాటాలి. అప్పుడే తెల్లారేలోపు సికింద్రాబాద్ మోండా మార్కెట్ చేరేది. క్యాలెండరూ ఆ చుక్కలే. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉంటే ఆ కార్తె. ఏడాదికి 27, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు. రోహిణిలో రోళ్లు పగిలే ఎండలు, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, వెంటే తొలకరి. ఇందులో ఓ తమాషా ఉంది. మృగశిర కార్తెలో మృగశిర కనపడదు, సూర్యుడి దగ్గరే ఉంటుంది కాబట్టి. కనపడని చుక్కను నమ్ముకుని రైతు విత్తనం సిద్ధం చేసుకునేవాడు.

ఇప్పుడు మేడ్చల్‌లో గొర్రు పట్టేవాళ్లు ఎందరు? ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లున్న చోట వెంచర్లు లేచాయి. శామీర్‌పేట దాటితే జీనోమ్ వ్యాలీ కంపెనీలు, ఇటు చూస్తే ఔటర్ రింగురోడ్డు దీపాలు. మా నాలుగెకరాలూ ప్లాట్లయ్యాయి. అందులో తప్పేమీ లేదు, ఆ డబ్బుతోనే మా చదువులు, పెళ్లిళ్లు. కానీ పొలంతో పాటు పొలం మాటలూ వెళ్లిపోయాయి. గొర్రే చూడని పిల్లకు గొర్రుకొయ్యలంటే ఏం తెలుస్తుంది?

పేరు పోతే చుక్క పోతుందా అంటారేమో. పోదు. ప్రపంచ దేశాలు కలిసి చేపట్టిన నక్షత్ర పట్టిక కోసం మన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ వాళ్లు గత శతాబ్దం తొలి సగంలో ఏడు లక్షలకు పైగా చుక్కల స్థానాలు లెక్కగట్టారు. అంత పట్టికకు అంకెలే దిక్కు. శాస్త్రానికి అంకె చాలు. అంకె చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చలేం కదా.

శివరాత్రి జాగారానికి ముగ్గురం డాబా ఎక్కాం. అమావాస్య ముందు రాత్రి కాబట్టి చంద్రుడి అడ్డు లేదు. దక్షిణాన సిటీ వెలుగు పొంగుతున్నా పైన చుక్కలు బాగానే ఉన్నాయి. మా అమ్మకు ఎనభై దాటాయి. షుగరుతో చూపు పోయింది, వెలుగూ చీకటీ తెలుస్తాయంతే. ఆమెకు పేర్లన్నీ తెలుసు, చుక్కలు కనపడవు. పాపకు చుక్కలన్నీ కనపడతాయి, పేర్లు తెలీవు.

"బిడ్డా, నెత్తి మీదికెల్లి జర పడమరకు సూడు. మూడు సుక్కలు వరుసకున్నయా?"

"ఉన్నాయి నానమ్మా."

"గవే గొర్రుకొయ్యలు. ఇంకింత పడమరకు పో. గుంపుగ ఉన్నది పిల్లలకోడి. ఎన్ని లెక్కవెట్టినవ్?"

"ఆరు."

"నేను ఏడు లెక్కవెడ్తుంటి. ఇగ ఉత్తరం మూలకు సూడు, మంచం లేసిందా?"

"లేచింది నానమ్మా, కానీ దొంగలు లేరు. ఎదురింటి వాటర్ ట్యాంకు అడ్డం ఉంది."

"వస్తరు తియ్యి. దొంగలు తొందరవడ్తరా?"

పదకొండు దాటాక ముగ్గురూ నిజంగానే ట్యాంకు వెనక నుంచి తల ఎత్తారు. పాప చప్పట్లు కొట్టింది. మర్నాడు దాని రాజ్యంలో డ్రాగన్ కిరీటం పక్కన 'ట్యాంకు దొంగలు' చేరారు. మా తాత గొర్రును పైకెక్కిస్తే, మనవడి కూతురు వాటర్ ట్యాంకును ఎక్కించింది. పద్ధతి మారలేదన్నమాట.

నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో, కృష్ణ ఒడ్డున, నిలువురాళ్ల మధ్య ఓ బండ ఉంది. దాని మీద చిన్న చిన్న గుంటలతో సప్తర్షి మండలం తొలిచి ఉందని హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి. రావు గుర్తించారు. మూడు వేల ఏళ్లకు పైబడిన ఆ చోటును 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. తొలిచినవాళ్లు వాటిని మంచమన్నారో, మరేమన్నారో రాయి చెప్పదు. పేరు ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి చేరితేనే మిగిలేది.

మీ ఇంట్లోనూ ఎనభై దాటినవాళ్లుంటే, వచ్చే చలికాలం ఓ అమావాస్య రాత్రి పిల్లలతో పాటు డాబా మీదికి తీసుకెళ్లండి. పెద్దవాళ్లకు చూపు ఆనకపోయినా ఫర్వాలేదు. చూసిపెట్టడానికి పిల్లలుంటారు.