సూరత్ గోరీలూ, నా తప్పుడు పద్దూ

ముప్పయ్యారేళ్ళు రక్షణశాఖ లెక్కల విభాగంలో పనిచేసినవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. ఎవరేం చెప్పినా "వోచరేదీ?" అని అడగబుద్ధవుతుంది. స్టోర్ లెడ్జర్లో నలభై టార్పాలిన్లు అని ఉంటే సరిపోదు, గోడౌన్‌కి వెళ్ళి లెక్కపెట్టాలి. ముప్పయ్యెనిమిదే ఉంటే మిగతా రెండూ ఏమయ్యాయో ఎవరో ఒకరు రాసి సంతకం పెట్టాలి. నేను హేతువాద సంఘంలో చేరడానికి కారణం ఈ అలవాటే తప్ప పెద్ద పెద్ద పుస్తకాలు కాదు. "బి.కాం. హేతువాదం" అని మిత్రులు వెక్కిరిస్తుంటారు. కానివ్వండి.

మా అబ్బాయి ఉద్యోగం సూరత్‌లో. పెద్దవాణ్ణి, ఒంటరివాణ్ణి అని ఏడాదికి రెండుమూడు నెలలు ఇక్కడ ఉంచుకుంటాడు. సూరత్ అనగానే మనవాళ్ళకి చీరలు, వజ్రాలు గుర్తొస్తాయి. నాకు పాత ఊరు చూడాలనిపించింది. లింబాయత్ వైపు తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. అందులో ఎక్కువమంది తెలంగాణ నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలీల కుటుంబాలు. అక్కడి ఆటో అతను ఒకడు దొరికాడు. వాళ్ళ నాన్న కరీంనగర్ వైపు నుంచి వచ్చాడట, ఇతను పుట్టింది ఇక్కడే. ఆటో ముందు నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు. ఇతని మెడలో నల్లతాడు, తాడుకి రాగిరేకు తాయెత్తు. మామూలుగా అయితే ఎక్కిన పది నిమిషాలకే ఉపన్యాసం మొదలుపెట్టేవాణ్ణి. పెట్టలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

మొదట తాపీ ఒడ్డున ఉన్న కోట. పోర్చుగీసులు 1512లోనూ, మళ్ళీ 1530లోనూ ఊరిని తగలబెట్టిపోయారు. అందుకని గుజరాత్ సుల్తాను మూడో మహమూద్ కాలంలో, 1540లలో, ఖుదావంద్ ఖాన్ అనే సర్దారు దీన్ని కట్టించాడు. కట్టకుండా ఉంటే లంచమిస్తామని పోర్చుగీసులు బేరం పెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. లంచం కథలకి వోచర్లు దొరకవు, అది నా సర్వీసులో తెలుసుకున్నదే, కాబట్టి దాని జోలికి పోను. ఇప్పుడు కార్పొరేషన్ వారు కోటని బాగుచేసి మ్యూజియం పెట్టారు. చూడదగ్గదే.

అక్కడికి దగ్గర్లోనే మొగల్ సరాయి. 1644లో, షాజహాన్ కాలంలో, బాటసారుల కోసం కట్టిన సత్రం. మక్కా వెళ్ళే యాత్రికులు ఓడెక్కేది సూరత్ నుంచే కదా. 1867 నుంచి అదే మునిసిపాలిటీ ఆఫీసు. నాలాంటివాడికి ఆ గుమ్మం ముందు గుర్తొచ్చేది షాజహాన్ కాదు, 1994 సెప్టెంబరు. ప్లేగు అనగానే లక్షలమంది రైళ్ళెక్కి పారిపోయారు. మరుసటి సంవత్సరం మే నెలలో ఎస్.ఆర్. రావు గారు కమిషనర్‌గా వచ్చి, అధికారులందరినీ రోజూ వీధుల్లోకి పంపి, చెత్త ఎత్తించి, అక్రమ కట్టడాలు కూల్చి, దేశంలోకెల్లా మురికి ఊరనిపించుకున్నదాన్ని రెండేళ్ళలో శుభ్రమైన ఊళ్ళ వరసలో నిలబెట్టారు. యాగాలూ, శాంతులూ చేయించినవాళ్ళూ ఉండే ఉంటారు. మురుగుకాలవలు బాగుపడింది మాత్రం పారలతో.

తర్వాత కతార్‌గామ్ దర్వాజా వైపు ఉన్న ఇంగ్లీషు, డచ్చి శ్మశానాలు. "గా గోరీల దిక్కు ఎందుకు సారూ, పొద్దుగూకుతుంది" అని ఆటో అతను గొణిగాడు. ఇంగ్లీషు వాళ్ళ వైపు ఆక్సెండెన్ అన్నదమ్ముల సమాధి ఉంది. క్రిస్టఫర్ 1659లో పోయాడు, జార్జ్ 1669లో. 1664లో శివాజీ సూరత్ మీద పడ్డప్పుడు ఇంగ్లీషు కోఠీని కాపాడుకున్నది ఈ జార్జే. ఒకదాని మీద ఒకటి గుమ్మటాలు, స్తంభాలు. ఏ నవాబు గోరీయో అనుకుంటాం. వ్యాపారం చేసుకోవడానికి వచ్చిన గుమాస్తాలకి ఇంత ఆర్భాటమా అనిపిస్తుంది. డచ్చి వాళ్ళ వైపు వెళితే దాన్ని తలదన్నేది ఇంకొకటి కనిపిస్తుంది: వాన్ రీడ్ సమాధి.

ఈయన గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. హెండ్రిక్ వాన్ రీడ్ మలబారులో డచ్చి గవర్నరుగా ఉండగా అక్కడి మొక్కల మీద పన్నెండు సంపుటాల పుస్తకం తయారుచేయించాడు, "హోర్టస్ మలబారికస్". 1678 నుంచి 1693 దాకా ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయింది. సుమారు 740 మొక్కలు, బొమ్మలతో సహా. ఆ విద్య ఎక్కడిదో దాచలేదు. ఈళవ కులానికి చెందిన వైద్యుడు ఇట్టి అచ్యుతన్, ముగ్గురు కొంకణి పండితులు 1675లో రాసిచ్చిన ధ్రువపత్రాలు మొదటి సంపుటంలోనే అచ్చువేశాడు. అంటే వోచర్లు జతచేశాడన్నమాట! అంటరానివాడుగా చూసిన మనిషి పేరూ, ఊరూ, మాటా పుస్తకం మొదట్లోనే ఉన్నాయి.

అంతకంటే నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటి. 1684లో డచ్చి కంపెనీ ఈయన్ని ప్రత్యేక కమిషనరుగా వేసింది. పని ఏమిటంటే బెంగాల్, సింహళం, కోరమాండల్, మలబారు కోఠీల్లో ఉద్యోగుల సొంత వ్యాపారాలూ దొంగలెక్కలూ పట్టుకోవడం. మన మచిలీపట్నం డచ్చి కోఠీ కూడా ఆ కోరమాండల్ లెక్కలోదే. అంటే ఈయన మా శాఖవాడే! ఏడేళ్ళు తనిఖీలు చేస్తూ చేస్తూ, సూరత్ కోఠీకి వస్తూ, 1691 డిసెంబరు 15న ఓడలోనే పోయాడు. తనిఖీ చేయవలసిన ఊళ్ళోనే పాతిపెట్టి, ఆ ఖర్చుతో ఇంత గుమ్మటం లేపారు. దుబారా పట్టుకోవడానికి బయల్దేరినవాడి సమాధి మీదే ఆడిట్ అభ్యంతరం రాయొచ్చు. అక్కడ నాకు నిజంగానే నవ్వొచ్చింది. ఆటో అతను గేటు అవతల నుంచి అనుమానంగా చూశాడు.

మర్నాడు గోపీపురా దగ్గర ఆమ్లీరాన్ వీధిలో కవి నర్మద్ ఇల్లు. గుజరాతీ వాళ్ళకి ఆయన కొంతవరకు మన వీరేశలింగం గారి లాంటివాడు, వయసులో పదిహేనేళ్ళు పెద్ద. 1858లో బడిపంతులు ఉద్యోగం వదిలేసి కలం మీదే బతుకుతానని ఒట్టు పెట్టుకున్నాడు. 1860లో వైష్ణవ గురువు జదునాథ్‌జీ మహారాజ్‌తో వితంతు వివాహం మీద బహిరంగ చర్చకి దిగాడు. మాటలతో ఆగకుండా తనే ఒక వితంతువుని పెళ్ళాడాడు. "దాండియో" అనే పత్రిక పెట్టి అందర్నీ ఉతికేశాడు. ఊళ్ళో యూనివర్సిటీకి ఆయన పేరే.

నర్మద్ కంటే ముందు ఈ ఊళ్ళోనే ఇంకొకాయన ఉన్నాడు, దుర్గారామ్ మెహతాజీ. మెహతాజీ అంటే బడిపంతులు. 1844లో దాదోబా పాండురంగ్ మొదలైనవాళ్ళతో కలిసి "మానవ ధర్మ సభ" పెట్టాడు. ఆ సభ చేసిన పనుల్లో ఒకటి, మంత్రగాళ్ళనీ భూతవైద్యులనీ మీ శక్తి ఏదో అందరి ముందూ చూపించండని సవాలు చేయడం. కోవూర్ గారి సవాలు 1963లో. దానికి నూటపంతొమ్మిదేళ్ళ ముందు, రైలు కూడా లేని సూరత్‌లో! దాదోబా బొంబాయి వెళ్ళిపోయాక, 1852లో మెహతాజీకి రాజ్‌కోట్ బదిలీ అయ్యాక, సభ ఆగిపోయింది. గుమాస్తాల గోరీలకి బోర్డులున్నాయి, ఆ సభ జరిగిన చోటు ఇదీ అని చెప్పే బోర్డు మాత్రం నేను తిరిగినంత మేర కనబడలేదు.

నర్మద్ దగ్గరికే వస్తాను. ఆయన కథలో సంస్కర్తల మీటింగుల్లో సాధారణంగా చెప్పని భాగం ఒకటుంది. చివరి రోజుల్లో వెనక్కి తిరిగాడు. 1882లో డబ్బు లేక, ఒట్టు తీసి గట్టున పెట్టి, ఉద్యోగంలో చేరాడు. సంస్కరణల మీద తన పాత వాదనలు చాలా వదిలేసి, ఆర్యధర్మమే గొప్పదని "ధర్మవిచార్" రాశాడు. 1886లో, యాభై మూడేళ్ళు నిండకుండానే పోయాడు. ఇదివరకైతే ఈ సంగతి చదివి "జారిపోయాడు" అని ఒక్క మాటలో తేల్చేసేవాణ్ణి. ఆ ఇంటి ముందు నిలబడితే నోరు రాలేదు.

2016 నవంబరులో మా ఆవిడకి క్యాన్సర్ బాగా ముదిరిపోయింది. డాక్టరు ఇంక మందులు నొప్పికే అన్నారు. బంధువొకాయన ఒక మనిషిని తీసుకొచ్చాడు. తాయెత్తు కడితే మూడు వారాల్లో తిరుగుతుందని ఆ మనిషి చెప్పాడు. ధర 11,116 రూపాయలు, రొక్కమే. నోట్ల రద్దు రోజులు. ఏటీఎంలో రోజుకి 2,500 మించి వచ్చేది కాదు. బ్యాంకు కౌంటర్లో అయితే ఒకేసారి తీసుకోవచ్చు. కానీ అక్కడ నన్నెరిగినవాళ్ళున్నారు, ఎందుకండీ అని అడుగుతారని భయం. అందుకని ఐదు రోజులు ఏటీఎం లైన్లో నిలబడ్డాను. అప్పటికి సంఘంలో చేరి పన్నెండేళ్ళయింది. ఒక క్షణం బలహీనత అనుకోవడానికి వీల్లేదు. ఐదు రోజులూ లైన్లో నాకు ఆలోచించుకునే టైము బోలెడుంది. మూడు వారాలు గడవక ముందే ఆవిడ వెళ్ళిపోయింది. ఇంటి ఖర్చుల పుస్తకంలో ఆ మొత్తాన్ని "మందులు" కింద రాశాను. నా సర్వీసు మొత్తంలో అలాంటి పద్దు కనబడితే ఎవరినీ వదల్లేదు.

సాయంత్రం డుమస్ వెళ్ళాం. ఊరికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో సముద్రపు ఒడ్డు. ఇంటర్నెట్‌లో దయ్యాల చోట్ల జాబితాల్లో ఇది తరచూ కనిపిస్తుంది. రాత్రిళ్ళు గుసగుసలు వినిపిస్తాయనీ, వెళ్ళినవాళ్ళు మాయమవుతారనీ, ఒకప్పుడు శ్మశానం కాబట్టి చితాభస్మంతో ఇసుక నల్లబడిందనీ రాస్తారు. మనవరాలి బొమ్మల పెట్టెలోంచి ఒక అయస్కాంతం జేబులో వేసుకొచ్చాను. ఇసుకలో దొర్లించి తీస్తే నల్లరేణువులు మీసాల్లా పట్టుకుని లేచాయి. తాపీ నది దక్కన్ నల్లరాతి నేల మీదుగా వస్తుంది, ఆ రాతిలో ఇనుప ఖనిజం ఉంటుంది. బూడిద అయస్కాంతానికి అంటుకోదు. ఆటో అతను తీసుకుని తనే నాలుగైదుసార్లు చేసి చూశాడు.

టమాటా భజియాలు తింటూ చీకటి పడేదాకా కూర్చున్నాం. గుసగుసలు వినిపించాయి, పక్క బెంచీ మీద కొత్త జంటవి. మెహతాజీ సవాలు సంగతి చెప్పాను.

"మరి గప్పుడు ఎవ్వలన్న జూపిచ్చిన్రా సారూ?"

"చూపించి ఉంటే ఈ పాటికి ఊరి నిండా వాళ్ళ విగ్రహాలే ఉండేవి కదయ్యా."

నవ్వాడు. కాసేపు తన తాయెత్తు వేళ్ళతో తిప్పుకున్నాడు. "పిల్లకి ఫిట్స్ వస్తయి సారూ. దానికీ నాకూ ఇద్దరికీ కట్టిన్రు. దవాఖాన్ల మందు గుడ వాడుతున్నం, బంద్ జెయ్యలే." తర్వాత ఉన్నట్టుండి, "మీరెన్నడు కట్టుకోలేదా?" అని అడిగాడు.

చెప్పాను. మా అబ్బాయికి కూడా తెలియని సంగతి అది. ఏటీఎం లైను సంగతి కూడా వదలకుండా చెప్పాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు.

"పదకొండు వేలా సారూ! మా దిక్కు నూటయాభైకే కడ్తరు."

ఫిట్స్ మందు ఒక్కరోజు కూడా మానొద్దని రెండుమూడుసార్లు చెప్పాను, అంతకుమించి ఏమీ చెప్పలేదు. పుస్తకం సికింద్రాబాద్‌లో బీరువాలో ఉంది. వచ్చే నెల వెళ్ళగానే ఆ పద్దు కొట్టేసి, సంతకం పెట్టి, సరిగ్గా రాయాలి. ఏ హెడ్డు కింద రాయాలో ఇంకా తేలలేదు.